ఆఫీసుకు నడిచి పోవచ్చా? కర్నూలు ఎండలో లెక్క తేల్చుకునే పద్ధతి

"ఇంటి నుంచి ఆఫీసు అయిదు కిలోమీటర్లు, రోజూ నడవచ్చా?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. ఆ ప్రశ్నలో రెండు నడకలున్నాయి. పొద్దున ఎనిమిదింటికి పోయేది ఒకటి, సాయంత్రం అయిదున్నరకు వచ్చేది ఇంకొకటి. దూరం ఒకటే గానీ పని ఒకటి కాదు. మే నెలలో కూడా కర్నూలులో పొద్దుటి నడక ఆరోగ్యంగా ఉన్న మనిషికి భారం కాదు. అదే రోడ్డు మీద అదే రోజు సాయంత్రం తిరిగి రావడం మాత్రం చాలామంది వల్ల కాదు. పొద్దుటి హుషారు చూసి "ఓస్, ఇంతేనా" అనుకుని మొదలుపెట్టినవాళ్లే రెండో వారానికి మళ్లీ ఆటో ఎక్కుతారు. కాబట్టి పోయేదాన్ని, వచ్చేదాన్ని విడివిడిగా తూచుకోండి. ఒకటి నెగ్గి ఒకటి ఓడితే ఒక్కపూటే నడవండి. అందులో నామోషీ ఏమీ లేదు.

దూరం, సమయం

బైకు మీటరు చూసి దూరం లెక్కపెట్టకండి. బండి వన్‌వేలు తిరుగుతుంది, డివైడరు ఎక్కడ తెగితే అక్కడిదాకా పోయి వెనక్కి వస్తుంది. మనిషి సందులో దూరి పోతాడు. ఫోన్ మ్యాపులో నడక గుర్తు నొక్కి చూడండి, తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆ దారిన ఒకసారి పోయి రండి. మ్యాపు చూపించిన సందు చివర గేటుకు తాళం ఉండొచ్చు, మ్యాపుకు తెలియని సందు ఒకటి మీకు అర కిలోమీటరు మిగల్చనూ వచ్చు.

ఖాళీ రోడ్డు మీద, ఖాళీ చేతులతో, కాస్త వడిగా నడిస్తే కిలోమీటరుకు 12 నిమిషాలు. ఊళ్లో, భుజాన సంచితో, రెండు మూడు చౌరస్తాలు దాటుతూ పోతే 14 నిమిషాలు వేసుకోండి. అంటే 5 కిలోమీటర్లకు 70 నిమిషాలు. మ్యాపు గంట చూపిస్తే నమ్మొద్దు. దానికి సంచీ లేదు, చెమటా లేదు.

ఆ 70 నిమిషాలూ కొత్తగా పోయే సమయం కాదు. ఇప్పుడు షేర్ ఆటోలో పోతున్నవాళ్లు ఇల్లు వదిలినప్పటి నుంచి కుర్చీలో కూర్చునేదాకా గడియారం పెట్టి చూడండి. మెయిన్ రోడ్డుకు నడక 5 నిమిషాలు, ఆటో నిండేదాకా 10, ప్రయాణం 15 నుంచి 20, దిగాక మళ్లీ 5. మొత్తం 35 నుంచి 40 నిమిషాలు ఇప్పటికే పోతున్నాయి. నడిస్తే అదనంగా పోయేది అరగంట. బైకు మీద 15 నిమిషాల్లో పోయేవాళ్లకు మాత్రం 55 నిమిషాల తేడా పడుతుంది. అదే దూరానికి ఒకరికి నడక కుదిరి ఇంకొకరికి కుదరకపోవడానికి సగం కారణం ఇదే.

అందరూ మరిచిపోయేది ఇంకొకటి ఉంది: చల్లారే సమయం. ఆఫీసుకు చేరాక మనిషి మనిషిలా కావడానికి 20 నిమిషాలు పడుతుంది. దాన్ని మొదటి రోజు నుంచే లెక్కలో వేసుకోండి. పదిన్నరకు సీట్లో ఉండాల్సినవాళ్లు 5 కిలోమీటర్లకు తొమ్మిదికి ఇల్లు వదలాలి, ఎండకాలంలో ఎనిమిదికే బయలుదేరాలి.

3 కిలోమీటర్ల లోపైతే ఇంత లెక్క అక్కర్లేదు, గొడుగు తీసుకుని బయలుదేరండి. 3 నుంచి 5 దాకా చాలామందికి ఏడాదిలో ఏడెనిమిది నెలలు రెండుపూటలా కుదురుతుంది. 5 నుంచి 7 అంటే ఒక్కపూట నడక. 8 దాటితే రెండుపూటలా కలిపి మూడున్నర గంటలకు పైనే. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్న మనిషికి అది జరిగే పని కాదు. సగం దారి ఆటోలో పోయి మిగతా సగం నడవడం వాళ్లకు మేలు.

పొద్దు ఏ పక్కన ఉంటుంది

ఇల్లు ఆఫీసుకు పడమర ఉందా, తూర్పున ఉందా అన్నది ముందే చూసుకోండి. పడమర ఉంటే పొద్దున తూర్పు ముఖంగా నడుస్తారు, ఎండ కళ్లలో కొడుతుంది. సాయంత్రం పడమటి ముఖంగా వస్తారు, మళ్లీ కళ్లలోనే. తూర్పున ఉంటే రెండుపూటలా ఎండ వీపు మీదే. దూరం సమానమే అయినా మొదటివాళ్లకు అంచు వెడల్పు టోపీ, చలువ కళ్లద్దాలు లేకుండా కుదరదు, తలనొప్పి కూడా వాళ్లకే ముందు వస్తుంది. పైగా పొద్దుగూకే వేళ ఎదురుగా వచ్చే బండి వాళ్లకు ఆలస్యంగా కనిపిస్తుంది.

ఉత్తర దక్షిణాలుగా పోయే వీధిలో పొద్దున తూర్పు అంచున, సాయంత్రం పడమటి అంచున భవనాల నీడ దొరుకుతుంది. తూర్పు పడమరగా పోయే రోడ్డులో ఎండకాలం పొద్దున, సాయంత్రం ఏ పక్కా నీడ ఉండదు, పొద్దు రోడ్డు పొడుగునా పరుచుకుంటుంది. అలాంటి రోడ్డు మీ దారిలో రెండు కిలోమీటర్లు ఉంటే, దాని పక్కన చెట్లున్న కాలనీ దారి ఏదైనా ఉందేమో వెతకండి. 300 మీటర్లు ఎక్కువైనా సరే, నీడ ఉన్న దారే దగ్గర దారి.

వచ్చే నడక ఎందుకు వేరు

పగటి ఎండ 42 డిగ్రీలున్న రోజు సాయంత్రం అయిదున్నరకు కూడా గాలి 37, 38 దగ్గర ఉంటుంది. వాతావరణ శాఖ చెప్పే ఆ 42 అయినా నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉంచిన థర్మామీటరు లెక్క. మీరు నడిచేది తారు మీద. రోజంతా కాగిన తారు, కాంపౌండు గోడలు, షాపుల రేకు షట్టర్లు సాయంత్రం వేడిని తిరిగి వదులుతాయి. రోడ్డు పక్క గోడ దగ్గరికి అరచేయి తీసుకుపోండి, అంటుకోకముందే వేడి తగులుతుంది. పొద్దున ఎనిమిదింటికి అదే గోడ చల్లగా ఉంటుంది. పైగా పొద్దున మీరు నిద్రపోయి, నీళ్లు తాగి బయలుదేరారు. సాయంత్రానికి ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుని, నాలుగు టీలు తాగి, నీళ్లు సరిగా తాగకుండా లేస్తారు.

అందుకని ఎండకాలానికి ఒక కచ్చితమైన గీత గీసుకోండి. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత 40 దాటేట్టుంటే సాయంత్రం ఆరున్నరకు ముందు నడక వద్దు. మే నెల మధ్యలో కర్నూలులో పొద్దు గూకేది 6.40 ప్రాంతంలో. అప్పటిదాకా ఆఫీసులో ఆగగలిగితే చల్లబడ్డాక రండి, ఆగలేకపోతే ఆటోలో రండి. మార్చి నడిమి నుంచి జూన్ మొదటి వారం దాకా "పొద్దున నడక, సాయంత్రం ఆటో" అని ముందే రాసిపెట్టుకుంటే రోజూ మనసుతో బేరమాడే పని ఉండదు.

శరీరం ఎండకు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ అలవాటు వారం పది రోజులు ఏసీ గదిలోనో, ఊటీలోనో గడిపితే సడలిపోతుంది. సెలవు నుంచి తిరిగొచ్చిన మొదటి రోజే పూర్తి దూరం నడిచి కళ్లు తిరిగి కూర్చుండిపోయేది ఇందుకే. మూడు రోజులు సగం దూరంతో మళ్లీ మొదలుపెట్టండి.

నీళ్లు దాహమయ్యేదాకా ఆగి తాగితే ఆలస్యమైనట్టే. బయలుదేరే అరగంట ముందు రెండు గ్లాసులు, దారిలో 20 నిమిషాలకు ఒకసారి ఒక గ్లాసు, చేరాక ఇంకో గ్లాసు. గంట దాటే నడకకు ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఓఆర్‌ఎస్ పొడి వాడితే పాకెట్ మీద రాసినంత నీళ్లలోనే మొత్తం పొడి కలపండి. లీటరుకు ఇచ్చిన పాకెట్‌ను గ్లాసుకు కొంచెం కొంచెం వేసుకుంటే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ గీసిన చెంచాలే. రోడ్డు పక్క నన్నారి షర్బత్ ప్రాణానికి హాయిగా ఉంటుంది, కాదనం. కానీ అందులో ఎక్కువ చక్కెర, పోయిన ఉప్పు దానితో తిరిగి రాదు.

కండరాలు పట్టేయడం, తలనొప్పి, వికారం, ఒళ్లు జిల్లుమనడం మొదలైతే నడక అక్కడికే ఆపి నీడలో కూర్చోవాలి, నీళ్లు చిన్నగా తాగాలి. మాట తడబడినా, ఎక్కడున్నామో తెలియకపోయినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు మెడ, చంకలు, గజ్జలు తడిపి విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఒంటిపూట బడుల టీచర్లకు వేరే మాట

మార్చి నడిమిలో ఒంటిపూట బడులు మొదలైతే టీచర్ల లెక్క తలకిందులవుతుంది. పొద్దున ఏడింటి నడక ఏడాదిలోనే సుఖమైన నడక. తిరిగి వచ్చేది మధ్యాహ్నం పన్నెండున్నరకు. ఏప్రిల్‌లో ఆ వేళకు పొద్దు దాదాపు నడినెత్తిన ఉంటుంది, మే మొదటి వారానికైతే కర్నూలులో సరిగ్గా నెత్తి మీదికే వస్తుంది, 12.15 ప్రాంతంలో ఎత్తైన గోడకు కూడా నీడ ఉండదు. ఆ వేళ కిలోమీటరుకు మించి నడవకండి. మిగతా ఏడాది రెండుపూటలా నడిచే టీచరు కూడా ఈ ఆరు వారాలు వచ్చేటప్పుడు బస్సో, ఆటోనో చూసుకోవాలి.

దారి

ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడవండి. ఎడమ పక్కన నడిస్తే వెనక నుంచి వచ్చే ఆటో మీకు కనిపించదు, ప్యాసింజర్ కోసం పక్కకు కోసుకొచ్చేది ఆ పక్కకే. ఫుట్‌పాత్ ఉన్నా దాని మీద తోపుడు బండ్లు, షాపు బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కదా, అలాంటి చోట ఎన్నిసార్లు రోడ్డు మీదికి దిగాల్సి వస్తోందో ఆదివారం కాదు, పనిరోజు చూసి లెక్కపెట్టండి. కిలోమీటరులో పదిసార్లు దిగాల్సి వస్తే ఆ దారి వదిలేయండి.

కల్లూరు వైపు ఉండేవాళ్లు పాత ఊళ్లోకి రావాలంటే హంద్రీ నది దాటాలి. నడిచేవాడి సమయాన్ని, ప్రాణాన్ని ఎక్కువ తినేది వంతెనే. ఇరుకు వంతెన మీద పక్కకు తప్పుకునే చోటు ఉండదు. రద్దీకి ముందే, అంటే ఎనిమిదిన్నర లోపే దాన్ని దాటేట్టు బయలుదేరండి, చెవుల్లో పాటలు తీసేయండి. వానాకాలంలో వాగుల మీది కల్వర్టుల దగ్గర దారి నమ్ముకోవద్దు. 2009 అక్టోబరు వరద చూసిన ఊరికి హంద్రీ, తుంగభద్రల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు గానీ, మామూలు వానకే పొంగిన మురికి కాలువ మూత ఎక్కడుందో ఎవరికీ కనిపించదు. మోకాలి లోతు నీళ్లలో దిగి నడవడం కంటే ఆ రోజు గంట ఆలస్యంగా పోవడం నయం.

కేసీ కాలువ గట్టు పొద్దున చల్లగా ఉంటుంది, బండ్ల గోల ఉండదు. అయితే గట్టు దారిలో లైట్లు లేని చోట్లు, మనిషి కనిపించని చోట్లు ఉంటాయి. పొద్దున ఏడు తర్వాత, పక్కన ఇంకో మనిషి ఉంటేనే అది దారి, చీకటి పడ్డాక కాదు. డిసెంబరు మొదట్లో 5.45కే పొద్దు గూకుతుందని గుర్తుంచుకోండి. అయిదున్నరకు ఆఫీసు వదిలితే నడక ముగిసేది చీకట్లోనే. లేత రంగు చొక్కా, సంచికి వెనక ఒక మెరుపు పట్టీ, చేతిలో టార్చి ఉండాలి. 44వ జాతీయ రహదారిని దాటాల్సిన దారి అయితే అండర్‌పాస్ ఉన్న చోటిదాకా చుట్టు తిరిగి పోండి, డివైడరు దూకే దారిని లెక్కలోకే తీసుకోకండి.

కర్నూలు రాజధానిగా ఉన్న 1953-56 రోజుల పేర్లు ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు ఇప్పటికీ నిలిచాయి. క్యాంపుల లోపలి వీధుల్లో పెద్ద చెట్లున్న చోట్లు మెయిన్ రోడ్ల కంటే నడకకు చాలా మేలు. మీ దారి అటు మళ్లించగలిగితే మళ్లించండి. సీ క్యాంపు రైతుబజారు ముందు మాత్రం పొద్దున కిక్కిరిసి ఉంటుంది, అక్కడ వెనక వీధే నయం.

కుక్కలు. పొద్దున ఆరులోపు, రాత్రి తొమ్మిది తర్వాత గుంపులుగా ఉంటాయి. పరుగెత్తకండి, కళ్లలోకి చూడకండి, ఆగి, గొడుగు మూసి అడ్డం పెట్టుకుని మెల్లగా పక్కకు జరగండి. కరిస్తే, గీరినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు పెద్దాసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టాలి. ఒక డోసు వేయించుకుని మిగతావి మానేయడం ప్రమాదం.

ఆడవాళ్లకు దారి ఎంపికలో ఇంకొకటి చేరుతుంది: టాయిలెట్. గంట దాటే నడకలో ఇది చిన్న విషయం కాదు, దీనికి భయపడే చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు, వడదెబ్బకు దారి అక్కడే పడుతుంది. పెట్రోలు బంకుల్లో ఉచిత టాయిలెట్, తాగునీరు ఉండాలన్నది నియమం. మీ దారిలో శుభ్రంగా ఉన్న బంకు ఏదో ముందే చూసి పెట్టుకోండి.

కాళ్లకు, భుజానికి

హవాయి చెప్పులతో 5 కిలోమీటర్లు రోజూ నడవకండి. చెప్పు జారకుండా వేళ్లు ప్రతి అడుగుకూ దాన్ని పట్టుకుంటాయి, పలచటి అడుగు మడమను కాపాడదు. నెల తిరిగేసరికి పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటుంది. ఆ నొప్పి పోవడానికి నెలలు పడుతుంది. వెనక పట్టీ ఉన్న శాండల్ గానీ, బూటు గానీ కావాలి.

బూటు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, నడకలోనూ అలాగే ఉబ్బుతుంది. సాక్సులు వేసుకుని తొడిగి నిలబడితే పొడుగు వేలికి, బూటు ముందు భాగానికి మధ్య బొటనవేలు వెడల్పు సందు మిగలాలి. తర్వాత బూటు చేతిలోకి తీసుకుని ముందు, వెనక పట్టుకుని వంచండి. వేళ్ల దగ్గర వంగితే సరే. నడుమ మడతపడితే అరికాలు దాన్ని మోయాల్సి వస్తుంది, కొనకండి. మందం నూలు సాక్సులు చెమట పీల్చి తడిగా ఉండిపోతాయి, బొబ్బలు అక్కడే లేస్తాయి. నైలాన్ కలిసిన పలచటివి నయం. ఎక్కడ ఒరుసుకుంటోందో రెండో రోజే తెలుస్తుంది. ఆ చోట మందుల షాపులో దొరికే కాగితం లాంటి మైక్రోపోర్ టేపు ముందే అంటించి బయలుదేరండి. లేచిన బొబ్బను చిదమకండి. తొడలు రాసుకునేవాళ్లు బయలుదేరే ముందు వ్యాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాసుకోవాలి.

సంచి బరువు 4 కిలోలు దాటనీయకండి. లీటరు నీళ్లే కిలో. ల్యాప్‌టాప్, చార్జరు కలిపి రెండు, టిఫిన్ డబ్బా ఒకటి. అంతే, నాలుగూ అయిపోయాయి. చార్జరు ఆఫీసులో ఇంకొకటి పెట్టుకుంటే, నీళ్లు దారిలో నింపుకుంటే తేలికవుతుంది. ఒక్క భుజానికి వేలాడే సంచి అయితే మూడో వారానికి మెడ పట్టేస్తుంది.

గొడుగు టోపీ కంటే మేలు, తల మీద గాలి ఆడుతూ నీడ ఇస్తుంది. జూన్, జులై నెలల్లో మాత్రం పడమటి గాలి బలంగా వీస్తుంది, పడమటి ముఖంగా నడిచేవాళ్ల గొడుగు వెనక్కి తిరగబడుతుంది. ఆ రెండు నెలలూ టోపీయే. ఉరుములున్న సాయంత్రం గొడుగేసుకుని చెట్టు కింద నిలబడొద్దు, షాపు లోపలికి పోండి.

చెమట

నడక ఆపాక కూడా పది పదిహేను నిమిషాలు చెమట కారుతూనే ఉంటుంది. వచ్చీరాగానే బాత్రూములోకి పోయి చొక్కా మార్చేసుకుంటే ఆ ఉతికిన చొక్కా కూడా తడుస్తుంది. చివరి అర కిలోమీటరు నిదానంగా నడవండి. చేరాక ముఖం, మెడ, మోచేతుల దాకా చల్లనీళ్లతో కడుక్కుని, ఫ్యాను కింద 15 నిమిషాలు కూర్చుని, తడి తువ్వాలుతో ఒళ్లు తుడిచి, ఆరాక అప్పుడు చొక్కా మార్చండి. సోమవారం ఇస్త్రీ చొక్కాలు నాలుగు తీసుకుపోయి బీరువాలో పెట్టుకునే వీలుంటే సగం తలనొప్పి తగ్గినట్టే. చీర కట్టుకోవాల్సిన ఉద్యోగమైతే చుడీదార్‌లో నడిచి అక్కడ మార్చుకునే గది ఉందా అని ముందు చూడండి. లేకపోతే సాయంత్రం నడకే మీది, ఇంటికి వచ్చి స్నానం చేయొచ్చు. ఎండకాలం పొద్దుటి నడక, చలికాలం సాయంత్రం నడక అని మార్చుకున్నా తప్పులేదు.

మార్చుకునే చోటు, నీళ్లు, ఫ్యాను లేని ఆఫీసైతే, జనాలతో ముఖాముఖి కూర్చునే పనైతే, పొద్దుటి నడక ఎంత దగ్గరైనా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే అనుకోండి.

డబ్బు మిగులుతుందా

పెద్దగా కాదు. రెండుపూటలా 5 కిలోమీటర్లంటే నెలకు 25 రోజులకు 250 కిలోమీటర్లు. నడక బూటు 600 నుంచి 800 కిలోమీటర్లకు అడుగు చచ్చిపోతుంది, పైకి బాగానే కనిపిస్తుంది గానీ మెత్తదనం పోతుంది. అంటే మూడు నెలలకు ఒక జత. 2,000 రూపాయల బూటు అయితే నెలకు 700 దాకా దానికే. ఆటోకు పూటకు 20 అనుకుంటే నెలకు 1,000, మిగిలేది 300. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బైకుకు రోజుకు 10 కిలోమీటర్లంటే, పెట్రోలు 110 లెక్కన 25 రూపాయల లోపే. బైకు ఉన్నవాడికి నడకలో పైసా మిగలదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు దారిలో ఉన్న ఆడవాళ్లకూ అంతే.

ఒళ్లు తగ్గుతుందని నడిచేవాళ్లకు ఒక మాట. 65 కిలోల మనిషి 5 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది 250 నుంచి 300 క్యాలరీలు. ఆకలేసి దారిలో ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తింటే లెక్క సున్నా. బయలుదేరే ముందు ఒక అరటిపండో, సగం టిఫినో తిని, మిగతా సగం ఆఫీసులో తినండి. ఆరోగ్యం కోసమైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి చాలంటున్నది 150 నుంచి 300 నిమిషాలు. 70 నిమిషాల ఒక్కపూట నడక వారానికి మూడు రోజులు నడిచినా 210 వస్తాయి. రెండుపూటలా నడవాలన్న పంతం ఆరోగ్యానికి అక్కర్లేదు.

డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడనివాళ్లు: గుండె జబ్బు ఉన్నవాళ్లు, మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు, మోకాళ్లు అరిగినవాళ్లు, ఇన్సులిన్ గానీ షుగరు తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు. షుగరు ఉన్నవాళ్లు జేబులో చక్కెర పొట్లం పెట్టుకోవాలి, రాత్రి రోజూ అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి. వాళ్లకు బొబ్బ నొప్పి తెలియకపోవచ్చు, పుండయ్యాక కనిపిస్తుంది.

మూడు వారాల పరీక్ష

మొదటి వారం సంచి లేకుండా, ఆదివారం ఒకసారి దారి కోసం, ఆ తర్వాత రెండు పనిరోజులు పొద్దున సగం దూరం మాత్రమే. రెండో వారం మూడు రోజులు పొద్దున పూర్తి దూరం, సంచితో, అసలు బట్టలతో, అసలు సమయానికి. సాయంత్రం ఆటో. మూడో వారం మంగళ, బుధ వరుసగా రెండు రోజులు రెండుపూటలా. ఒక్క రోజు నడక ఎవరైనా నడుస్తారు. రెండో రోజు పొద్దున మంచం దిగేటప్పుడు పిక్కలు, మడమలు ఏం చెబుతాయో అదీ పరీక్ష. మోకాలి కింద ముందు ఎముక పక్కన నొప్పి వస్తే తొందరపడ్డారని అర్థం, వారం ఆగి సగం దూరంతో మళ్లీ మొదలు.

ఈ పరీక్ష డిసెంబరులో చేసి ఏడాదంతటికీ నిర్ణయించుకోవద్దు. జనవరిలో నెగ్గినదాన్ని మార్చి చివర మళ్లీ రెండు రోజులు పరీక్షించండి.

మూడో వారం చివర ఈ మూడు చూడండి. ఆఫీసుకు ఒక్కసారైనా ఆలస్యమైందా? మధ్యాహ్నం మూడింటికి కునుకు వచ్చి పని దెబ్బతిందా? సాయంత్రం ఇంటికి వచ్చి గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేని స్థితిలో పడిపోయారా? మొదటిదానికి మందు అరగంట ముందు బయలుదేరడం. రెండోది రెండు వారాల్లో మామూలుగా సర్దుకుంటుంది. మూడోది సర్దుకోకపోతే వచ్చే నడకను వదిలేయండి, పోయే నడక ఉంచుకోండి.

చివరగా, సంచి లోపలి జేబులో ఒక వంద రూపాయల నోటు ఫోన్‌తో సంబంధం లేకుండా పెట్టుకోండి. ఫోన్ చచ్చిన రోజే చెప్పు తెగుతుంది, వాన కూడా ఆ రోజే వస్తుంది.